పరశురాములు కుడితొడలో ఒక పిరికి కణం

నేను ఒక కండర కణాన్ని. పరశురాములు గౌడ్ కుడితొడ ముందువైపు, మోకాలికి కొంచెం పైన ఉంటాను. పుట్టుకతోనే పిరికిదాన్ని. ఈ మాట మొదటే చెప్పుకోవడం మంచిది, లేకపోతే కథ నడుమ నేను వణికినప్పుడల్లా మీకు విసుగు పుడుతుంది.

ఆత్మకథ చెప్పుకునే వస్తువులు చాలావరకు చేతులు మారినవై ఉంటాయి. నాణెం పదిమంది జేబులు చూస్తుంది. గొడుగును ఎవరో బస్సులో మరిచిపోతే అది కొత్త ఇల్లు చూస్తుంది. నాకా యోగం లేదు. ఒక్కడే యజమాని. నన్ను అమ్ముకోలేడు, అరువివ్వలేడు, ఎక్కడా మరిచిపోయి రాలేడు. అతని వృత్తి ఏమిటో తెలిస్తే నా పిరికితనాన్ని మీరూ తప్పు పట్టరు. భువనగిరి అవతల ఒక తాటివనంలో అతను కల్లు గీస్తాడు. పొద్దున ఎక్కుతాడు, మళ్ళీ సాయంత్రం ఎక్కుతాడు. మెడ నొప్పెట్టేలా తలెత్తితే గాని కనబడనంత ఎత్తులో, నడుముకూ చెట్టుకూ కలిపి చుట్టిన మోకు మీద వెనక్కి వాలి, మట్టల మధ్య కత్తి ఆడిస్తాడు. అంతసేపూ అతన్ని మోసేది మేము. కిందికి చూసేది అతను, గుండె జారేది నాకు.

తొడలో ఉండేదానికి ఊళ్ళో మాటలెలా తెలుస్తాయని మీరు అడగవచ్చు. ఒంట్లో ఉన్నవాళ్ళకు ఇంటి గుట్టు తెలియకుండా ఉంటుందా? నరం ఒకవైపు నుంచి చెబుతుంది, నెత్తురు ఇంకోవైపు నుంచి మోసుకొస్తుంది. నెత్తురుకు నోట్లో మాట దాగదు.

నా పుట్టుక కూడా కొంచెం విచిత్రమే. తల్లి కడుపులో చిన్న చిన్న కణాలు వరస కట్టి నిలబడి, ఒకదానిలో ఒకటి కలిసిపోయి నేనయ్యాను. అందుకే మిగతా కణాలకు ఒక్కొక్క కేంద్రకం ఉంటే నాకు వందలున్నాయి. వెంట్రుకంత సన్నం, బెత్తెడు పొడుగు. నా లోపల రెండు రకాల పోగులు అల్లుకుని ఉంటాయి. నరం నుంచి ఆజ్ఞ వస్తే నా అరల్లో దాచుకున్న కాల్షియం ఒక్కసారిగా బయటికి ఉరుకుతుంది, ఒక రకం పోగులు రెండో రకం పోగుల్ని పట్టుకుని లోపలికి లాగుతాయి, నేను పొట్టిదాన్నవుతాను. అంతే నా ఉద్యోగం. తోయడం నాకు రాదు. గుంజడం, వదలడం, ఈ రెండే వచ్చు.

పరశురాములుకు మీసం మొలుస్తున్న వయసులో తండ్రి అతన్ని మొదటిసారి చెట్టెక్కించాడు. ఆ రోజు నాకు ఇప్పటికీ కలలోకి వస్తుంది. పాదాలకు బంధం వేసుకుని, బెరడును కాళ్ళతో వాటేసుకుని, ఒంటిని పైకి నెట్టడం, మోకు జరపడం, మళ్ళీ నెట్టడం. నాలో దాచుకున్న చక్కెరంతా చెట్టు సగం ఎక్కేసరికే కరిగిపోయింది. ఊపిరితిత్తులు గాలి పంపుతున్నా నాదాకా చేరడం లేదు. మంట మొదలైంది. ఇక చచ్చాననుకున్నాను. దిగేటప్పుడు ఇంకా ఘోరం. దిగడం తేలికని మీరంతా అనుకుంటారు గాని, ఒంటి బరువు సాగదీస్తుంటే వదలకుండా పట్టుకుని మెల్లగా వదలాలి మేము. నా పోగులు అక్కడక్కడ పటపట తెగాయి.

తెగిన చోట నేను ఊరుకోలేదు. కేకలు పెట్టాను. మా జాతికి అదొక్కటి బాగా వచ్చు, భయమేస్తే దాచుకోం. కేక విని నెత్తురులోంచి తెల్లకణాలు దండుగా దిగి, విరిగినదాన్ని నమిలి శుభ్రం చేయడం మొదలుపెట్టాయి. వాపు వచ్చింది, వేడెక్కింది. మరునాడు పరశురాములు మెట్టు దిగలేక అమ్మా అన్నాడు. ఆ గోలకు నా గోడ వారగా ఎప్పటినుంచో నిద్రపోతున్న ఒక బుల్లి కణం లేచింది. లేచి ఒళ్ళు విరుచుకుని, రెండయ్యింది, నాలుగయ్యింది, నా వైపు నడిచొచ్చింది. అడిగిందా, పెట్టిందా? నా గోడ కరిగించుకుని నేరుగా లోపలికి దూరిపోయింది. నన్ను మింగడానికే వచ్చిందని హడలిపోయాను. తీరా చూస్తే అది తన కేంద్రకాన్ని నాకిచ్చి, తాను నేనైపోయింది. తెగిన పోగుల చోట కొత్త పోగులు లేచాయి, పాతవాటికంటే కొంచెం ఎక్కువే లేచాయి. మళ్ళీ ఆ చెట్టెక్కిస్తే తట్టుకోవాలి కదా అనే భయంతో కట్టుకున్న ఇల్లు అది.

తర్వాత ఏళ్ళంతా ఇదే పని. ఎక్కిన ప్రతిసారీ జడుసుకున్నాను, జడుసుకున్న ప్రతిసారీ ఇంకొంచెం కూడబెట్టుకున్నాను. నాలో పొయ్యిల సంఖ్య పెరిగింది. పుస్తకాల్లో వాటిని మైటోకాండ్రియా అంటారట, చక్కెరనూ కొవ్వునూ గాలితో కలిపి మండించే చోట్లు గనక నేను పొయ్యిలనే అంటాను. నా చుట్టూ సన్నటి రక్తనాళాలు కొత్తగా మొలిచాయి. చక్కెర గాదె పెద్దదైంది. ఊళ్ళోవాళ్ళు పరశురాములు తొడలు చూసి ఇనుమంటారు. నిజానికి అది భయం. ఏళ్ళ తరబడి పోగేసిన భయం, పైకి ఇనుములా కనిపిస్తుంది.

ఇక పడిన రోజు. వానాకాలం, సన్నటి తుంపర. వద్దని ఇంట్లో ఎవరూ అనలేదు, తడిచెట్టు అతనికి కొత్త కాదు. సగానికి పైన బెరడు మీది పాచికి పాదం జారింది, బంధం తప్పింది. నరం నుంచి అన్ని ఆజ్ఞలూ ఒకేసారి వచ్చాయి, పట్టు, పట్టు, పట్టు అని. నేను పట్టాను. పట్టుకోవడానికి అక్కడ చెట్టు లేదు. కింద మెత్తటి పొలంగట్టు ఉండబట్టి ప్రాణం దక్కింది. మోకాలి కింది ఎముక విరిగింది.

పెద్దాసుపత్రిలో పాదం నుంచి తొడదాకా సిమెంటు కట్టు వేశారు. నాకు ఒక్క గీత కూడా పడలేదు, హమ్మయ్య అనుకున్నాను. అంత తెలివితక్కువ హమ్మయ్య నేనెప్పుడూ అనుకోలేదు.

కట్టులో మొదట నాకు వినిపించింది నిశ్శబ్దం. నరం నుంచి ఆజ్ఞ లేదు. విశ్రాంతి కదా అని మొదట సంతోషపడ్డాను. కొన్నాళ్ళకు నా లోపలే ఏదో గరగర చప్పుడు. చూస్తే నా సొంత పోగుల్ని ఎవరో కూలుస్తున్నారు. ఎవరో కాదు, నేనే. వాడని పోగుకు ఒక గుర్తు తగిలించడం, గుర్తున్నదాన్ని మరలో వేసి పిండి చేయడం, ఆ పిండిని నెత్తురులో కలిపి పంపేయడం. మా రాజ్యాంగం అలాంటిది, పనిలేనివాడికి తిండి దండగ. ఆపమని నాకు నేనే చెప్పుకున్నాను, వినలేదు. పొయ్యిలు ఒక్కొక్కటే ఆరిపోయాయి. పక్కనున్న కణాలు బక్కచిక్కి, మా మధ్య ఖాళీల్లో కొవ్వు చేరింది. చెట్టు మీద నాకు కలిగింది చావు భయం. ఇది వేరు. బతికుండగానే నన్ను నేను తినేస్తున్నానన్న భయం.

కట్టు కోసిన రోజు పరశురాములు భార్య భారతమ్మ రెండు తొడలూ పక్కపక్కన చూసి కొంగు నోట్లో కుక్కుకుంది. ఎడమది తాటిమొద్దు, కుడిది కొబ్బరిమట్ట. డాక్టరు మాత్రం కంగారు పడలేదు, ఎముక అతికింది, ఇక మెల్లగా నడిపించండి అన్నాడు. ఆ మాట ఆసుపత్రి గేటు దాటి ఇంటిదాకా రాలేదు. ఎందుకంటే గేటు దగ్గరే పరశురాములు అక్క మణెమ్మ ఎదురొచ్చింది.

మణెమ్మ మంచి మనిషి. తమ్ముడంటే ప్రాణం. ఆమెకు కాలి వైద్యం ఒక్కటే తెలుసు, అది పాయ. మేకకాళ్ళు కాల్చి, గీకి, మిరియాలు దంచి వేసి, పొయ్యి మీద పొద్దంతా మరగబెట్టిన చారు. గిన్నె పట్టుకుని మంచం పక్కన కూర్చుని తనే తాగించేది.

"కాళ్ళకు కాళ్ళే మందు తమ్మీ. తాగు. కాలు కింద పెడ్తివంటె నా మీద ఒట్టే."

"డాక్టరు నడువమన్నడక్కా."

"గాయన జీతానికి గాయన చెప్తడు. పచ్చి కాలు, ఇరుగుతె మల్ల ఆయనొస్తడా మొయ్యనీకి? పండుకో. ఓ భారతీ, లెవ్వనియ్యకు!"

బంధువులందరిదీ అదే మాట. చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ మేకకాళ్ళు పట్టుకొచ్చారు. ఆ చుట్టుపక్కల మేకలకు నడిచే అదృష్టం లేకుండా పోయింది. పరశురాములు మంచం మీద పడుకుని తాగేవాడు. మంచి చారే, నేను కాదనను. కాని కడుపు దాన్ని ముక్కలు ముక్కలుగా విడగొట్టాక అందులో కాలేది, చెవేది? ఆ ముక్కలే ఇటుకలై నా గుమ్మం దాకా వచ్చి పడేవి. కట్టమని ఆజ్ఞ లేదు. ఆజ్ఞ రావాలంటే నేను గుంజాలి, గుంజాలంటే అతను లేవాలి, లేస్తే అక్క మీద ఒట్టు. వచ్చిన ఇటుకలు వచ్చినట్టే తిరిగిపోయి, ఆ చారులోని కొవ్వంతా అతని నడుం చుట్టూ పేరుకుంది. ఇంటిల్లిపాదీ ప్రేమతో కాలికి తినిపిస్తుంటే, కాలు లోపల ఆకలితో చస్తోంది. నాకు నోరుంటే ఒక్క మాట అరిచేదాన్ని, నాకు చారు వద్దు మహాప్రభో, పని కావాలి అని.

ఒక ఉదయం ఇంట్లో ఎవరూ లేరు. వాకిట్లో మేక వచ్చి ఆరబెట్టిన పప్పు తింటోంది. దాన్ని అదిలించడానికి పరశురాములు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డాడు. నరం నుంచి ఆజ్ఞ వచ్చింది. ఎంతకాలమైందో విని! నేను గుంజాను. గుంజడానికి నాలో మిగిలిందెంత? మోకాలు మడత పడిపోయింది. పాయ గిన్నె మీద పడ్డాడు. భారతమ్మ వచ్చేసరికి అతను ఆ చారులోనే కూర్చుని ఉన్నాడు, లేవలేదు, ఎవరినీ పిలవలేదు. ఆమె ఆటో పిలిచి, వదినె మణెమ్మ ఒట్టు సంగతి దేవుడే చూసుకుంటాడని, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోయింది.

అక్కడ వ్యాయామం చేయించే గదిలో నస్రీన్ అనే అమ్మాయి ఉంది. ఫిజియోథెరపిస్టు. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం బడిపంతులు గొంతు. పరశురాములును బల్ల మీద పడుకోబెట్టి, తువ్వాలు చుట్టచుట్టి మోకాలి కింద పెట్టింది.

"అన్నా, మోకాలుతోని గీ తువ్వాలను కిందికి నొక్కు."

"గంతేనా మేడం?"

"గంతే. నొక్కు చూద్దాం."

నొక్కమన్న ఆజ్ఞ బయల్దేరింది, నాదాకా వచ్చేసరికి గొణుగుడైంది. నన్నేనా? నేను ఉన్నానని ఇంకా ఎవరికైనా గుర్తుందా? భయపడుతూనే గుంజాను. వణికాను. పక్కనున్న కణాల్లో సగం నిద్ర లేవలేదు. నస్రీన్ వేళ్ళు తొడ మీద ఆనించి ఉంచింది. ఆ వేళ్ళ కింద నేను కదలడం ఆమెకు తెలిసింది.

"ఇగో, కదిలింది."

"ఏం కదిలింది మేడం? నాకేం కానొస్తలేదు."

"కండ. బతికే ఉంది అన్నా, ఏం ఫికర్ లేదు."

భారతమ్మ ఒక్కసారిగా ఏడ్చేసింది. ఆ ఏడుపులోనే పాయ కథంతా చెప్పింది. నస్రీన్ నవ్వలేదు. "పాయ మా ఇంట్ల కూడ చేస్తరక్కా. మంచిదే. తాపించు, తాపించి లేపి నడిపించు. పండుకొని తాగితె పొట్టకు పోతది, నడిస్తె కాలుకు పోతది" అంది. అంత చిన్న మాటలో నా బతుకంతా చెప్పేసిన మనిషి నాకు ఇంకొకరు తారసపడలేదు.

ఆ తర్వాత నాకు నరకం మొదలైంది. తువ్వాలు నొక్కడం అయ్యాక కాలు చాచి పైకెత్తడం. అదయ్యాక కుర్చీలోంచి లేవడం, మెల్లగా కూర్చోవడం. ఆ మెల్లగా అనే మాటంటే నాకు ఒళ్ళు మంట. "దబ్బున కూసోకన్నా, మెల్లగ, ఇంకా మెల్లగ" అని ఆమె అన్నప్పుడల్లా నా పోగులు తెగేవి. తెగితే కేక, కేకకు తెల్లకణాలు, వాపు, మరునాటి నొప్పి. నొప్పి మొదలైన ప్రతిసారీ మణెమ్మ గుమ్మంలో నిలబడి, కాలు పాడుచేస్తున్నారని శాపాలు పెట్టేది. నొప్పి తగ్గేసరికి గోడ వారనున్న బుల్లి కణాలు లేచి వచ్చేవి. ఈసారి వాటిని చూసి హడలిపోలేదు, జరిగి చోటిచ్చాను.

ఒక వింత చెప్పాలి. మొదటి వారాల్లో నేను ఇంకా బక్కగానే ఉన్నాను, అయినా పరశురాములు కుర్చీలోంచి చేతుల సాయం లేకుండా లేచేశాడు. అందరూ నాకు బలం వచ్చిందన్నారు. నాకేమీ రాలేదు. నరం పాత దారి గుర్తు తెచ్చుకుంది, అంతే. నిద్రపోతున్న కణాలను పేరుపేరునా లేపి, అందరినీ ఒకేసారి గుంజేలా చేసింది. తర్వాతే, చాలా నెమ్మదిగా, నేను లావయ్యాను. పొయ్యిలు ఒక్కొక్కటే వెలిగాయి. రక్తనాళాలు మళ్ళీ అల్లుకున్నాయి. అతను ఆసుపత్రి మెట్లెక్కాడు, పొలంగట్టు మీద నడిచాడు, గొంతుక్కూర్చుని లేచాడు. ఎండాకాలం ముందరికి నస్రీన్ రెండు తొడలకూ టేపు పెట్టి కొలిచి, ఎడమకూ కుడికీ తేడా లేదంది.

"ఇగ నా దగ్గరికి రాకన్నా. పోయి నీ పని చూసుకో."

కల్లు గీత కాలం మళ్ళీ మొదలైంది. తాటివనంలో మోకులు చెట్లెక్కాయి. పరశురాములు మోకు మాత్రం ఇంట్లో మేకుకే వేలాడింది. ఎవరడిగినా ఒకటే జవాబు. "కాలుకు బలం రాలే."

విన్నారా! ఇంత చేస్తే నా మీద నింద! అక్క పెట్టిన ఒట్టు దాటి, తెగి, ఉబ్బి, మళ్ళీ కట్టుకుని నిలబడితే, ఊరందరి ముందూ నన్ను చేతకానిదాన్ని చేశాడు. మణెమ్మ మళ్ళీ మేకకాళ్ళు పట్టుకొచ్చింది. "నేన్ జెప్పలే? గా పిల్ల నడిపిచ్చి నడిపిచ్చి ఉన్న బలం గుంజేసె" అంది. పరశురాములు తలొంచుకుని పాయ తాగాడు.

కోపంలో నాకు మొదట అర్థం కాలేదు. తర్వాత నెత్తురు చెప్పింది. నోట్లో మాట దాగదని అన్నాను కదా. ఎవరైనా చెట్టు మాటెత్తితే చాలు, గుండె దడదడ కొట్టుకునేది, అడ్రినలిన్ కాలువలా పారేది. ఇంట్లో చల్లగా కూర్చున్న మనిషి నెత్తురులో పులి ఎదురైనవాడి రసం! ఒకసారి సాయంత్రం ఒక్కడే వనంలోకి వెళ్ళి, మోకు చుట్టుకుని, చెట్టు మీద రెండు చేతులూ ఆనించి నిలబడ్డాడు. నేను సిద్ధంగా ఉన్నాను. నా పక్కవాళ్ళంతా సిద్ధంగా ఉన్నారు. పైనుంచి సగం ఆజ్ఞ వచ్చింది, మిగతా సగం రాలేదు. సగం ఆజ్ఞకు నేనేం చేయను, వణికాను. మోకు విప్పుకుని ఇంటికొచ్చి, కాలు వణికిందే అని భారతమ్మతో చెప్పాడు.

అప్పుడు తెలిసింది, ఈ ఒంట్లో పిరికిది నేనొక్కదాన్నే కాదని. సిగ్గు లేకుండా చెబుతున్నాను, మొదట సంతోషమేసింది. ఇన్నేళ్ళు తోడు లేక బతికాను. ఆ సంతోషం వెంటనే చల్లారింది. నాకు భయమేస్తే కేకేస్తాను, కేక విని పదిమంది వస్తారు, వచ్చి బాగుచేస్తారు. ఇతను కేకేయడం లేదే. మూసిపెట్టుకున్న చోటికి ఎవరొస్తారు? మొత్తం మనిషే సిమెంటు కట్టులో ఉన్నాడు. అక్కడ ఏమేం పోగులు ఊడిపోతున్నాయో, ఎన్ని పొయ్యిలు ఆరిపోతున్నాయో నాకు తెలుసు. నేను చూసి వచ్చినదాన్ని. గీతగాళ్ళకు చెట్లు పంచే గీత సంఘం వాళ్ళు కూడా వచ్చి మెత్తగానే చెప్పిపోయారు, ఈ కాలం ఎక్కకపోతే నీ చెట్లు ఇంకొకరికి ఇవ్వక తప్పదన్నా అని. అతను సరేనన్నాడు. ఆ సరే అన్నప్పుడు గుండె కొట్టుకోవడం నేను మరిచిపోలేను.

ఒక మధ్యాహ్నం భారతమ్మ అతని కాలికి ఆముదం రాస్తోంది. బొటనవేలితో నన్ను నొక్కింది. నేను గట్టిగానే ఉన్నాను. ఆమె చెయ్యి ఆగింది.

"కాలు రాయిలెక్క ఉన్నది. బలం ఏడ లేదయ్యా?"

అతను గోడవైపు చూశాడు. ఆమె మళ్ళీ రాయడం మొదలుపెట్టింది.

"భయమైతుందే" అన్నాడు.

ఆమె తలెత్తలేదు. "ఎప్పటిసంది?"

"పడ్డకాడికెల్లి. కండ్లు మూస్తె జారుతున్న. నీళ్ళు తాగంగ జారుతున్న. ఎవలికన్న చెప్తె నవ్వుతరు. గౌడు పుట్టుక పుట్టి చెట్టుకు భయపడుడేంది అంటరు."

"నేను నవ్వుతనా?"

"నువ్వు నవ్వవ్. నువ్వు భయపడుతవ్."

అప్పుడు ఆమె ఆముదం చేతుల్ని కొంగుకు తుడుచుకుంది. "నేను లగ్గమైనకాడికెల్లి భయపడుతనే ఉన్న. నువ్వు పొద్దుగాల పోయి చెట్టు దిగి ఇంటికొచ్చేదాక నా నోట్ల మెతుకు పడదు. గంజి ముంగట పెట్టుకొని కూసుంట. నీ అడుగు సప్పుడైనంకనే తాగుత" అంది.

"ఎన్నడు చెప్పకపోతివి!"

"చెప్తె నీ కాళ్ళు వణుకుతయని."

ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర, ఇన్నేళ్ళు ఇద్దరూ ఎవరి భయం వాళ్ళు మింగుకుంటూ బతికారు. ఒకరి కోసం ఒకరు దాచుకున్నారు. మనుషుల సంగతి నాకు ఎప్పటికీ అర్థం కాదు. తొడలో ఒక పోగు తెగితే మోకాలి దాకా అందరికీ తెలిసిపోతుంది, వీళ్ళకు పక్కమీద పడుకున్న మనిషి సంగతి తెలియలేదు. పరశురాములు రెండు చేతుల్తో ముఖం కప్పుకుని ఏడ్చాడు. పడినప్పుడు ఏడవలేదు, చారులో కూర్చున్నప్పుడు ఏడవలేదు. ఆ పూట నెత్తురులో ఆ పులిరసం మొదటిసారి పలచబడింది.

మరునాడు పొద్దున మోకు భుజాన వేసుకున్నాడు. భారతమ్మ చెప్పులు తొడుక్కుని వెనకాలే బయల్దేరింది. ఆమె ఇదివరకు ఎప్పుడూ వనంలోకి రాలేదు. అతను వద్దనలేదు.

చెట్టు పొడిగానే ఉంది. నాకు మాత్రం గొంతు తడారిపోతోంది, గొంతంటూ ఉంటే. బంధం వేసుకున్నాడు, మోకు బిగించాడు, ఎక్కాడు. నెట్టడం, జరపడం, నెట్టడం. ఆజ్ఞలు వస్తున్నాయి, గొణుగుతూ వస్తున్నాయి, అయినా వస్తున్నాయి. గుంజుతున్నాను. గాదె తలుపులు తెరుచుకున్నాయి, పొయ్యిలు రాజుకున్నాయి. పక్క చెట్ల మీద ఉన్న గీతగాళ్ళు కత్తులాపి చూస్తున్నారు. సగం దాటాడు. ఇంకొంచెం. బెరడు మీద ఆ చోటు వచ్చింది, అతను జారిన ఎత్తు.

ఆజ్ఞ ఆగిపోయింది.

ఎక్కమనీ లేదు, దిగమనీ లేదు. పట్టుకునే ఉండు, అంతే. అలా బిగుసుకుని ఉండటాన్ని మించిన ప్రమాదం మాకు లేదు. నేను బిగుసుకున్నప్పుడు నా పక్క నాళాలు నలిగిపోతాయి, నెత్తురు రాదు. నెత్తురు రాకపోతే గాలి రాదు. పొయ్యిలు పొగచూరాయి. మంట లేచింది. గాదెలో చక్కెర కరిగిపోతోంది. వణుకు మొదలైంది, నాది ఒక్కదానిది కాదు, తొడంతా. ఇంకెంతోసేపు నిలవలేను. నా చేతిలో ఏమీ లేదు, కిందికి వార్త పంపాలన్నా దారి లేదు. పరశురాములు కళ్ళు మూసుకుని చెట్టుకు నుదురు ఆనించాడు. వదిలేస్తానేమోనని నాకు నా మీదే భయమేసింది.

చెట్టు మీదున్న మనిషిని కింది నుంచి పిలవకూడదని ఆ వనంలో పట్టింపు ఉంది. పిలిస్తే మనసు కిందికి లాగుతుందట. తండ్రి చచ్చిన కబురైనా దిగేదాకా ఆపుతారు. భారతమ్మకు ఆ సంగతి తెలియదని కాదు. నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది.

"ఓ అయ్యా! భయమైతుందా?"

వనం మొత్తానికీ వినబడింది. పక్క చెట్టు మీద ఎవరో "అయ్యో, పిలువకు వదినా!" అన్నారు. పరశురాములు కళ్ళు తెరిచాడు. గుండె ఒకసారి ఆగి కొట్టుకుంది. సంఘం వాళ్ళు, తోటి గౌండ్లవాళ్ళు, చిన్నప్పటినుంచి కలిసి ఎక్కినవాళ్ళు, అందరూ వింటున్నారు. అతను ఛాతీనిండా గాలి పీల్చాడు. ఆ గాలి కొంత నాదాకా వచ్చింది.

"ఐతుందే!" అని అరిచాడు. "మస్తు భయమైతుంది!"

"నాగ్గూడ!" అందామె కిందినుంచి.

ఎవరూ నవ్వలేదు. పక్క చెట్టు మీది మనిషి "మెల్లగ ఎక్కన్నా, మేమున్నం" అన్నాడు.

అప్పుడొచ్చింది ఆజ్ఞ. సగం కాదు, గొణుగుడు కాదు. తొడలో ఏ మూలా ఎవరూ నిద్రపోకుండా, అందరినీ ఒక్కసారి లేపిన ఆజ్ఞ. అతని భయం తగ్గలేదు, నెత్తురు నాకు అబద్ధం చెప్పదు. నాదీ తగ్గలేదు. ఇద్దరం భయపడుతూనే ఉన్నాం, నేను గుంజాను.